తొమ్మిదో మెట్టు

మొదటిసారి లెక్కపెట్టాను,
గెస్ట్‌హౌస్ గుమ్మం నుంచి నీళ్ళదాకా పద్నాలుగు.
చివరి మెట్టు మీద కూర్చుని సాక్సులు ఉతుక్కునేదాన్ని.
ఎదుట అగ్నిపర్వతం, దాని తలకి
ఎవరో పిండి ఆరేసిన గుడ్డలాంటి మబ్బు.
అది ఫిబ్రవరి.

అక్టోబరులో దక్షిణానికి పోవాల్సినదాన్ని.
నికరాగ్వా బస్టాండులో గోడకి సంచీ ఆనించి
పనామా వైపు టికెట్టుతో విసురుకుంటూ కూర్చున్నాను.
పక్కన ఎవరో మొక్కజొన్న రొట్టెలు కాలుస్తున్నారు.
సున్నపునీళ్ళ వాసన అదే.
తట్టే చేతుల చప్పుడు మాత్రం వేరు.
ఆ చప్పుడు కోసం చెవి ఎటో తిరిగింది.

"వెళ్ళిన చోటికి మళ్ళీ వెళ్ళకూడదు,
దారిలో ఉన్నవాళ్ళకి అదొక్కటే నియమం"
అన్నాడు యోస్ట్, డచ్చి కుర్రాడు,
తనే కనిపెట్టినట్టు నోటుబుక్కులో రాసుకుంటూ.
నా టికెట్టు అతనికే అమ్మేశాను, సగం ధరకి.

రెండున్నర రోజులు. రంగులేసిన పాత బస్సులు.
వెళ్ళేటప్పుడు ఎడమవైపు చూసిన కొండలు
ఇప్పుడు కుడివైపు నుంచి వస్తుంటే
ఒక్కటీ గుర్తుపట్టలేకపోయాను.
గ్వాటెమాలా సరిహద్దులో ముద్ర కొట్టే ఆయన
పాత పేజీ తిప్పి చూసి
"మళ్ళీనా? ఏం మర్చిపోయావు?" అన్నాడు.
చెప్పులు, అన్నాను. నోటికొచ్చింది అదే.

ఇక్కడివాళ్ళు పడవని లాంచా అంటారు.
మన లాంచీ ఇంత దూరం
ఎప్పుడు ఈదుకొచ్చిందా అని
అప్పుడు ఒక్కదాన్నే నవ్వుకున్నాను.
ఈసారి నవ్వు రాలేదు.
రేవులో నిలబడి "లాంచా!" అని కేకేశాను, అంతే.
మధ్యాహ్నం దాటింది, గాలి లేచింది.
షోకోమిల్ అని పిలుస్తారు దాన్ని,
మనుషుల పాపాలు ఊడ్చుకుపోతుందట.
నా టోపీ ఊడ్చుకుపోయింది.
బెలీజ్‌లో ముసలాయనతో గీచి గీచి బేరమాడి
కొన్న టోపీ. అదీ లెక్కలోదేనేమో.

దోన్యా త్రాన్సితో గుమ్మంలోనే ఉంది.
ఆ పేరుకి దాటిపోవడం అని అర్థం.
ఆమె ఈ సరస్సు దాటి వెళ్ళింది
రెండేసార్లు, రెండూ ఆస్పత్రికి.
నా ముఖం చూసి గది రేటు చెప్పింది.
వచ్చిన నెల చెప్పాను. నా దేశం చెప్పాను.
పై గది కిటికీ గురించి చెప్పాను.
"అందరూ ఆ కిటికీయే చెబుతారు" అంది.

సంచీ దించాను.
ఆమె చూపు భుజం పట్టీ దగ్గర ఆగింది,
ఎర్ర దారం, చేప ముల్లులాంటి కుట్టు.
బొటనవేలితో ఒకసారి రాసి చూసింది,
గట్టిగా లాగి చూసింది.
"నాదే" అంది. "ఊడలేదే!"
తర్వాత ఎక్కడెక్కడ తిరిగావని అడిగింది,
ఆ కుట్టుని.
జవాబులు నేను చెప్పాను.

మెట్లు దిగబోతే మనవడు చెమా చేయి అడ్డం పెట్టాడు.
తొమ్మిదో దాని దగ్గరే నీళ్ళు.
నేను ఉత్తరాలు రాసుకున్న బల్ల
సగం మునిగి ఉంది, దాని కాలికి పడవ కట్టేశారు,
పడవనిండా అవకాడోలు.
వాడు వెదురుకర్ర గుచ్చి మునిగినవాటిని లెక్కపెట్టాడు,
సినిమా చూపిస్తున్నంత గొప్పగా.
మళ్ళీ దిగుతాయా నీళ్ళు, అన్నాను.
"మా అమ్మ చిన్నప్పుడు ఇక్కడిదాకానే ఉండేవట.
తగ్గాయి కదా అని మేమే కిందికి జరిగాం.
నువ్వు కాస్త పక్కకి జరుగు,
మొక్కజొన్న కడగాలి" అంది దోన్యా.
జరిగాను.

చీకటి పడేవేళ
పైనుంచి వస్తోంది ఆ చప్పుడు,
టప్ టప్, ఆగి, టప్.
తడి సాక్సులు పక్కన పెట్టి కాళ్ళు నీళ్ళలోకి దించాను.
పదోది దొరికింది, పాచి పట్టి జారుతోంది.
పదకొండోది వేలి చివరికి తగిలీ తగలనట్టు.
పన్నెండోది అందలేదు.
రేపు ఇంకాస్త దిగి చూడాలి.
రేపు కూడా ఉంటానని
ఇంకా ఎవరికీ చెప్పలేదు.