అంచు

గ్లెండేల్‌లో, బేకరీకీ పళ్ళ డాక్టరుకీ నడుమ ఇరుక్కున్న
మా కుట్టుకొట్లో
అవార్డుల నెల వచ్చిందంటే పట్టు వాసన, ఆవిరి వాసన.
నేను ఇస్త్రీ మనిషిని, ఎవులాలియోని.
యజమానురాలు సాతెనిక్ నోట్లో ఎప్పుడూ నాలుగు గుండుసూదులు.
అందుకే ఆవిడ మాటలు పొదుపు.

బిస్కెట్ డబ్బాలో మనిషికి ఇరవై డాలర్లు.
పాత క్యాలెండర్ వెనక్కి తిప్పి గళ్ళు గీశాం,
ఉత్తమ నటి, ఉత్తమ చిత్రం, తక్కినవన్నీ.
బేకరీ వాహాన్ పత్రికలు నమిలి మింగి వస్తాడు.
ఏ సంఘం ఎటు మొగ్గిందో, ఏ ముసలి నటుడికి
ఎన్నిసార్లు మొండిచెయ్యి చూపారో
వేళ్ళ మీద లెక్కగడతాడు.
పిండంటిన వేళ్ళు. లెక్కలు తెల్లగా రాలుతుంటాయి.

సాతెనిక్ అవేవీ వినదు.
ఆవిడ చూసేది అంచు.

"గెలుస్తానని నమ్మినామె
ముందు వైపు అరంగుళం ఎత్తమంటుంది. మెట్లెక్కాలిగా.
నమ్మకం లేనామె
నేల ఊడ్చేంత పొడుగు ఉంచుకుంటుంది.
కూర్చునేదానికి ఎంతైతేనేం?"

జేబు అడిగేవాళ్ళుంటారు,
నాలుగు మడతల కాగితం పట్టేంత.
జేబు అడిగి, మర్నాడు ఫోన్ చేసి వద్దనేవాళ్ళుంటారు.
వాళ్ళ మీద ఆవిడ పందెం కాయదు.

కాఫీ కప్పు బోర్లించి మడ్డి చూసి చెప్పమని
వాహాన్ ఏటా బతిమాలతాడు.
"మడ్డి పెళ్ళిళ్ళకి, ప్రయాణాలకి.
సినిమా వాళ్ళకి కాదు."

ఈ ఏడు మూడు గౌన్లొచ్చాయి.
పేర్లు పైకి అనకూడదు, రసీదు అంకెలే:
నలభై ఒకటి, నలభై ఆరు, యాభై.
నలభై ఆరు అరంగుళం కాదు, నిండు అంగుళం ఎత్తించింది.
సాతెనిక్ ఆ గడిలో పెన్సిల్ వదిలి పెన్ను పట్టింది.

ఆఖరి శనివారం, షట్టరు సగం దించాక,
ఒకాయన నల్లకోటు తెచ్చాడు.
అద్దం ముందు తొడుక్కుని అద్దంలోకి చూడలేదు.
కళ్ళు మూసుకుని చెయ్యెత్తాడు, దించాడు, మళ్ళీ ఎత్తాడు.
"అస్తరు మాట్లాడుతోంది," అన్నాడు.
"మాట్లాడనిది వెయ్యగలరా?"

సినిమాల్లో శబ్దం పనివాడట.
మంచు మీద కుక్క నడిచే చప్పుడు కోసం
పదకొండు రోజులు తిరిగాడట.
అది ఎవరి చెవినా పడకూడదట,
పడితే పని చెడినట్టేనట.

శబ్దం గడి మేం నాణెం ఎగరేసి నింపేదే.
బొమ్మ పడితే యుద్ధం సినిమా, బొరుసైతే పాటల సినిమా.
ఆ రాత్రి సాతెనిక్ మెత్తటి నూలు అస్తరు వెతికి కుట్టింది.
సూదులు నోట్లోంచి తీసి మరీ అడిగింది:
"ఈయన సినిమా పేరేమిటి?"
నేనడగలేదు. రసీదు మీద అరవై రెండు.
గడి ఖాళీగానే ఉండిపోయింది.

ఆదివారం రాత్రి బేకరీ టీవీ ముందు చేరాం.
శబ్దం వంతు వచ్చింది. తెర మీద ఐదు మొహాలు.
"అదుగో కోటు!" అన్నాను.
లేచింది వేరే మనిషి.
మన అరవై రెండు చేతులెత్తి చప్పట్లు కొడుతున్నాడు.
సాతెనిక్ టీవీ గొంతు పెంచి, దగ్గరగా వెళ్ళి
చెవి పెట్టింది.
"పలకడం లేదు," అంది, తృప్తిగా.

నటి దగ్గర యాభై గెలిచింది, నేల ఊడ్చే గౌను.
మూడో మెట్టు మీద గుడ్డంతా పిడికిళ్ళలో ఎత్తుకుంది,
వాగు దాటేదానిలా.
కెమెరా ఒక్క క్షణం నలభై ఆరు మీదికి తిరిగింది.
నవ్వుతోంది.
ఎత్తించిన అంచు కింద
చెప్పులు రెండూ పక్కపక్కన,
బయల్దేరడానికి సిద్ధంగా.

డబ్బా వాహాన్ పట్టుకుపోయాడు.
గురువారం నలభై ఆరు తిరిగొచ్చింది, సంచిలో, చీటీతో:
అంగుళం దించండి, ఎవరిదో విందుకి కట్టుకోవాలి.
సాతెనిక్ కుట్టు విప్పి నా బల్ల మీద వేసింది.
పొద్దుటి నుంచి ఆవిరి పడుతున్నాను.
మడత గీత పోవడం లేదు.