ఐదు లెక్కపెట్టేదాకా

మంగళవారం, గురువారం. పూటకి ఇరవై నిమిషాలు.
బడి నడవలో, కోట్లు తగిలించే కొక్కేల కింద
ఏడేళ్ళవాళ్ళ కోసం చేసిన నీలం కుర్చీ.
కూర్చుంటే నా మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి.
తడి ఉన్ని వాసన. వంటగదిలోంచి ఉడికిన క్యాబేజీ.
గ్రిమ్స్‌బీలో నవంబరంటే ఇంతే,
వాన పైనుంచి కాదు, సముద్రం మీంచి అడ్డంగా వస్తుంది.

నేను నేరస్తుణ్ణి కానని పోలీసులు తేల్చడానికి ఆరు వారాలు పట్టింది.
చదివించడం నేర్పడానికి రెండు గంటలు చాలాయి.
ఆ రెండు గంటల్లో గుర్తున్నది ఒక్కటే:
పిల్ల ఆగిపోతే వెంటనే మాట అందించకు,
మనసులో ఐదు లెక్కపెట్టు.

ఐదంటే ఎంతో నాకు తెలుసు.
చేపల రేవులో ముప్పైనాలుగేళ్ళు కత్తి పట్టినవాణ్ణి.
ఐదు లెక్కపెట్టేలోగా
హ్యాడక్ చేప ఒక పక్క మాంసం ముల్లు విడిచి
బల్లమీద పరుచుకునేది.
అదే ఐదు,
టీగన్ పక్కన కూర్చుంటే
ఐస్‌లాండ్ దాకా పడవలో వెళ్ళొచ్చినంత పొడుగు.

వేలు అక్షరం కింద ఆగుతుంది.
గోటి మీద సగం ఊడిన ఊదారంగు.
ఒకటి.
పెదవి కదిలి మళ్ళీ మూసుకుంటుంది.
రెండు.
ఎవరిదో చేతితొడుగు నుంచి నీళ్ళు చుక్కలు చుక్కలుగా.
మూడు.
మాట నా నాలుక చివర గెంతుతోంది.
మింగబోతే గొంతులో పచ్చి వెలక్కాయ.
నాలుగు.
ఆ పిల్ల పుస్తకం వైపు చూడదు, నా మొహం వైపు చూస్తుంది,
జవాబు అక్కడ అచ్చేసి ఉన్నట్టు.
నా మొహం చదవడంలో మాత్రం క్లాసుకే ఫస్టు.

ఒకరోజు కథలో కత్తి వచ్చింది.
"క్... నిఫ్... ఎ" అని కూడబలుక్కుంది.
నైఫ్, అన్నాను. ముందున్న కే పలకదు.
"పలకనిది ఎందుకు నిలబడింది మరి?"

ముప్పైనాలుగేళ్ళు పిడికిట్లో పట్టుకున్న వస్తువు ముందు
ఒక మూగ అక్షరం నిలబడి ఉందని
నాకెప్పుడూ తట్టలేదు.
తెలీదమ్మా, అన్నాను.
కాసేపు దానికేసే చూసింది.
"నేనూ అంతే. మిస్ హోల్‌గేట్ హాజరు పిలుస్తుందా,
నేను ఉంటాను. పలకను."

ఐదు కాదు, యాభై లెక్కపెట్టినా నాకు మాట దొరకలేదు.
బడి పుస్తకం, గీయకూడదు అని నేననేలోగా
పెన్సిలుతో కే చుట్టూ చిన్న ఇల్లు గీసేసింది.
చిమ్నీతో సహా.

ఫిబ్రవరిలో కళ్ళద్దాలు వంట గట్టుమీద మరిచిపోయి వచ్చాను.
నిజంగానే. ఒట్టు.
పేజీ నిండా చీమలు పాకుతున్నట్టుంది.
నాకేం కనబడట్లేదు, అన్నాను.
ఊరికే అంటున్నానేమోనని ఎగాదిగా చూసింది.
తరవాత కుర్చీ దగ్గరికి జరుపుకుని
పడవెక్కిన కుక్క కథ మొదలుపెట్టింది,
చెయ్యి పట్టుకుని మెట్లు దింపేవాళ్ళలా,
ప్రతి మెట్టు దగ్గరా ఆగి, మెట్టుందని చెప్పి.

"ఇక్కడో పెద్ద మాటుంది. ఉండండి."
ఉన్నాను.
ఈసారి లెక్క నాది కాదు,
ఆ పిల్లదే, బల్ల కింద వేళ్ళ మీద.
"లైట్... లైట్‌హౌస్!
మిస్టర్ స్టానిఫోర్త్, ఇందులో పలకనివాళ్ళు ఇద్దరున్నారు!"
సంతలో తెలిసినవాళ్ళు కనబడ్డట్టు.

చదవడం వచ్చేసిందా అంటే, లేదు.
ఇప్పటికీ ఆకుపచ్చ చుక్క పుస్తకాలే.
మిగతావాళ్ళు రెండు రంగులు దాటిపోయారు.
హాజరుకి పలుకుతోందో లేదో నేనడగలేదు.

గురువారం వెళ్ళగానే అడిగింది:
"కళ్ళద్దాలు తెచ్చారా?"
చొక్కా జేబులోనే ఉన్నాయి.
ఒకటి. రెండు. మూడు.
మర్చిపోయానమ్మా, అన్నాను.

టీగన్ నా మొహం చదివింది, మొదటి నుంచి చివరిదాకా,
ఎక్కడా తడబడకుండా.
ఏమీ అనలేదు.
కుర్చీ దగ్గరికి జరుపుకుంది.