నాలుగు గంటల నీడ

కమోలీ రేవులో మా మేడ గోడకు
పదకొండు కిటికీలు.
అందులో ఆరే తెరుచుకుంటాయి.
తక్కినవి ఎర్మెటే కుంచెతో పెట్టినవి:
ఆకుపచ్చ రెక్కలు, రాతి గడప,
ఒకదాని కొక్కేనికి తువ్వాలు కూడా,
నలభై ఏళ్ళుగా ఆరని తువ్వాలు.

పొగగొట్టం అంటుకున్న రాత్రి
జెనోవా నుంచి కొత్తగా వచ్చిన ఫైర్ కుర్రాడు
నిచ్చెన తెచ్చి సరిగ్గా ఆ తువ్వాలు కిందే ఆనించాడు.
ఎక్కాడు. రెక్క మీద కొట్టాడు.
సున్నం రాలింది.
కింద జనం మంటను మరిచి నవ్వారు.
ఎర్మెటే నవ్వలేదు.
వారం పాటు ఆ కుర్రాడి కాఫీ డబ్బులు తనే కట్టాడు.

నేను ఆయన దగ్గర పనికి చేరింది ఆ వేసవిలోనే.
మొదటి నెలంతా సున్నం జల్లించాను.
రెండో నెల నీడ నేర్పాడు.
"కిటికీ ఎవడైనా గీస్తాడు. నువ్వు నీడ గీయి.
ఏ గంటదో ముందు తేల్చుకో.
మనది అక్టోబరు, సాయంత్రం నాలుగు.
ఇక గోడంతా అదే గంట."
వెలుగు పైనుంచే వస్తుందని మెదడుకు పాత నమ్మకం.
పై అంచున తెలుపు, కింది అంచున నలుపు,
అంతే, చదును గోడ ఉబ్బుతుంది.
చేత్తో తడిమి, చదునేనని తెలుసుకుని
నాలుగడుగులు వెనక్కేసి చూస్తే
మళ్ళీ ఉబ్బు.
తెలిసినా పోదు.
కనికట్టు అంటారు గానీ
కట్టు పడేది కంటికి కాదు,
దాని వెనక కూర్చున్నవాడికి.

వాడి సంగతి కళ్ళ డాక్టరమ్మ దగ్గర విని వచ్చి
పరంజా మీదే నాకు చూపించాడు.
ఎడమ కన్ను మూయి.
చేతులు చాచి బొటనవేళ్ళు రెండూ నిలబెట్టు.
ఎడమదాన్నే చూడు.
కుడిదాన్ని మెల్లగా పక్కకు జరుపు,
ఇంకా, జానెడు దాకా...
పోయింది.
గోరు పోయింది, గోటి సందు పచ్చరంగు పోయింది.
ఆ చోట చీకటైనా లేదు,
గులాబీ రంగు గోడ ఉంది,
అతుకు కనబడకుండా.

"కంట్లోంచి నరం బయటికి పోయేచోట చూపు లేదట.
పుట్టినప్పట్నుంచీ చిల్లే.
చుట్టూ ఏ రంగుంటే ఆ రంగు పూసేస్తున్నాడు లోపలెవడో,
నన్నడక్కుండా, కూలి లేకుండా!"
రోజంతా రుసరుసలాడాడు.
కుంచెలు కడిగేటప్పుడు మాత్రం ఒప్పుకున్నాడు:
"నాకన్నా పనిమంతుడు."

ఇప్పుడు ఆయన చూపు నడిమధ్య చెరిగిపోయింది.
మనుషులకు చెవులున్నాయి, ముఖాల్లేవు.
రొట్టెకు అంచులే.
లోపలి మేస్త్రీ ఊరుకోలేదు.
పని లేక తిక్కెత్తి
సముద్రానికి కిటికీలు పెడుతున్నాడు,
దుప్పటి మీద ఇటుకలు పేరుస్తున్నాడు.
నిన్న పింఛను ఆఫీసులో
గుమాస్తా భుజానికి ఒక బాల్కనీ.
పిచ్చి కాదని డాక్టరమ్మ రెండుసార్లు చెప్పింది.
కంటి నుంచి కబురు రాకపోతే
మెదడు తనలో తనే కబుర్లాడుకుంటుందట.
ఆయనకు ఆ భయమేం లేదు.
"నేను పోల్చుకోగలను.
వాటికి నీడ ఉండదు.
పచ్చి చెయ్యి."

ఈ అక్టోబరులో గోడకు మళ్ళీ రంగులు.
పరంజా మీద నేను, కింద బల్ల మీద ఆయన.
నాలుగవుతుంటే రోజూ అడుగుతాడు:
"కలిశాయా?"
నిజం రెక్కల నీడలు జారి జారి వచ్చి
గీసిన నీడల వాలుకు సరిపోయే
ఆ పది నిమిషాలు
పదకొండూ ఒకటే.
ఇవాళ మబ్బు.
కలిశాయనే అందామనుకున్నాను.
నోరు రాక, "మబ్బు" అన్నాను.
ఆయన గడ్డం ఎత్తాడు,
గోడకేసి కాదు, కాస్త పక్కకు,
చూపు మిగిలిన వైపు.
"అయితే చూడు,
నిజం కిటికీలకు ఇవాళ నీడ లేదు.
మనవాటికుంది."

పైన తెక్లా రెక్క తెరిచి తువ్వాలు దులిపింది.
ఒక నీటిచుక్క నా మణికట్టు మీద పడింది.
"ఏ కిటికీ?" అన్నాడు.
చెప్పే ముందు
లెక్కపెట్టుకోవాల్సి వచ్చింది.