చీమలు పట్టిన రేడియో

పొద్దున ఆరుకి మండీ తెరిస్తే
సాయంత్రం దాకా నా లోకం ఒక కాటా.
మూట ఎక్కతాది, ముల్లు ఊగతాది,
నేను అంకె అరుస్తాను,
ఆ పక్క నాగభూషణం రాసుకుంటాడు.
యాభై ఒకటీ రెండొందలు. నలభై తొమ్మిదీ ఏడొందలు.
ఐరాల బండ్లు, పాకాల బండ్లు, పెనుమూరు బండ్లు.
నల్లబెల్లానిది ఒక వాసన, తెల్లబెల్లానిది ఒక వాసన అంటారు.
ఇరవై ఆరేండ్లకి నాకు రెండూ లేవు.

ఇంటికొచ్చి మూడుసార్లు సబ్బేసి కడిగినా
వేళ్ల సందుల్లో జిగట పోదు.
ఆ వేళ్లతోనే మెలిపెడతాను
రేడియో చెవిని.

అందుకే దానికి చీమలు.
డయలు అద్దం లోపల, ఎర్రముల్లు పక్కన
వరసగా నడస్తా ఉంటాయి
ఒక దేశం నుంచి ఇంకో దేశానికి
పాస్‌పోర్టు లేకుండా.
నేను తరమను.

సంతపేటలో మా మిద్దె పైన కట్టిండేది
గుడ్డలారేసే తీగ కాదు, యాంటెన్నా.
మునెమ్మకి ఎన్నిసార్లు చెప్పినా
దాని మీదే లంగా ఆరేస్తాది.
ఆ తడిలంగా ఆరేదాకా
నాకు సగం భూగోళం వినపడదు.

రాత్రి పదిన్నర.
బెంగుళూరు లారీల మోత కాస్త సద్దుమణిగినాక
ట్యూబులైటు ఆపమని ఎదురింటి వళ్ళియమ్మని బతిమాలుకుని
చెవి తిప్పతాను, గోటితో, మెల్లిగా,
పుండు మీద పక్కు తీసినట్ల.
ముందు గరగర. కాలిన పెనం మీద నీళ్లు చల్లినట్ల చుయ్‌మనడం.
ఎవురో దూరంగా దగ్గినట్ల.
ఉన్నట్టుండి
ఒక ఆడమనిషి గొంతు, నాకు రాని భాషలో,
ఏందో చెప్పి, నవ్వి,
మునిగిపోతాది.

అంతే. ఆ అంతే కోసం.

"ఏమర్థమైంది నీకు?" అంటాడు బామ్మర్ది దొరసామి.
"ఈ టైములో చీటీలు నడిపుంటే
ఈపాటికి రెండు మిద్దెలు కట్టుండేవాడివి."
నిజమే. కట్టుండేవాడినే.
రెండు మిద్దెలుంటే
తీగ ఇంకా పొడుగ్గా లాగుండొచ్చు.

విన్నదంతా మండీ పాత లెడ్జరులో రాస్తాను.
ముందు పక్క బెల్లం, వెనక పక్క దేశాలు.
తేదీ, టైము, మీటరు,
ఎంత తేటగా వినపడిందో ఐదుకి మార్కులు.
తెల్లకాగితం మీదికి ఎత్తి స్టాంపులంటించి పంపిస్తే
నాలుగు నెలలకో, ఎనిమిది నెలలకో
పోస్టుమాను చెంగల్రాయులు సైకిలు బెల్లు రెండుసార్లు కొడతాడు.
దీపస్తంభం బొమ్మ కార్డు. మంచుకొండ బొమ్మ కార్డు.
వెనక మూడే ముక్కలు:
అవును, మీరు విన్నది మమ్మల్నే.
ఇన్నేండ్లుగా అంకెలు అరుస్తా ఉండాను,
ఇంతమాట మండీలో ఎవురూ రాసివ్వలేదు.

ఇప్పుడు ఒక్కో స్టేషనూ మూతబడతా ఉండాది.
పోయినేడు గొంతున్న చోట ఈ ఏడు గరగర.
"మామా, సెల్లులో అన్నీ వస్తాయి" అని
దొరసామి కూతురు చూపించింది.
నిజంగానే వచ్చినాయి.
పిలవకముందే వచ్చినాయి.

నిన్న సాయంత్రం వానకి తీగ తెగింది.
ఒక కొస కిటికీలోంచి లోపలికి లాగి కూర్చున్నాను.
గొంతు వస్తా పోతా ఉండాది.
మునెమ్మ ఇడ్లీపిండి కలిపిన చేత్తో
అడ్డమొస్తా ఉండాదని తీగను పక్కకి తొయ్యబోయి
పట్టుకుంది.
గొంతు తేటపడింది.
"వదలొద్దు" అన్నాను.
"షాకు కొడతాదా?"
"కొట్టదు. అట్నే నిలబడు."
నిలబడింది, గడపలో, మోచేతి దాకా పిండితో,
ఒంటికాలి మీద బరువేసి.
"ఏమంటా ఉండాది?" అని గుసగుసగా అడిగింది,
అవతలామెకి వినపడిపోతాదేమో అన్నట్ల.
"తెలీదు."
"సరే" అనింది. వదల్లేదు.

ఈ పొద్దు లెడ్జరులో:
ముప్పై ఒకటో మీటరు. ఐదుకి నాలుగు.
వళ్ళియమ్మ ట్యూబులైటు ఆగింది. చీమలుండాయి.
యాంటెన్నా గడిలో "రాగితీగ" అని రాసి, కొట్టేసి,
మునెమ్మ అని రాసినాను.
పక్కనే, మూట బరువు రాసినట్ల, గ్రాములు వదలకుండా,
పదకొండు నిమిషాలా ఇరవై సెకన్లు.