ఎడం

చిత్తూరు పాత బస్టాండు పక్క సందులో నా అంగడి.
మామిడి గుజ్జు లారీ దొరసామి
నాలుగు జీబీల కార్డు బల్లమీద పెట్టి
"పద్దెనిమిది రాత్రుల భారతం పట్టాలప్పా" అన్నాడు.

పట్టలేదు.
మోనో చేస్తే సగమైతాదన్నాను.
"చెయ్, నా లారీలో మోగేదే ఒక స్పీకరు."

ఎడమ చెవిలో చెంగల్రాయుడి హార్మణి,
కుడి చెవిలో మునివేలు మద్దెల.
బావి పంపకమప్పటి నుంచీ
పక్కపక్కన కూచోని అన్నదమ్ములు.
మీట నొక్కితే
ఒకే చాపమీదికొచ్చేసినారు.
ఇన్నాళ్లూ ఫైలు బరువులో సగం
ఆ ఎడందే.

మూడో రాత్రి, పద్యం నడుమ
ఈ చెవి నుంచి ఆ చెవికి
డబ్బా మోసుకుపోయే టీ పిల్లోడు మాత్రం
ఇప్పుడు ఎక్కడికీ పోడు.
"టీ... టీ..." అంటా
నిలబడిన చోటే
చల్లారిపోతా ఉండాడు.