తొంభై ఆరు ముక్కలు

మా గదిలో రోజంటే ఇరవై నాలుగు గంటలు కాదు.
పావుగంటకొకటి చొప్పున కోసిన తొంభై ఆరు ముక్కలు.
ఏ ముక్కలో గాలి ఎంత వీస్తుందో
పరిగి గుట్టల మీది కంపెనీవాళ్ళు ముందురోజే రాసి పంపిస్తారు.
బయట గాలిమాటంటే పుకారు.
ఇక్కడ దానికి మెగావాట్లుంటాయి, కింద సంతకం ఉంటుంది.

ఖైరతాబాద్‌లో, కిటికీ లేని హాల్లో,
ఏసీ చలికి స్వెట్టరేసుకుని
పన్నెండేళ్ళుగా గాలిని చూస్తున్నాను.
జుట్టు చెరిపేది కాదు, బట్టలారబెట్టేది కాదు,
తెర మీద ఆకుపచ్చ గీతై పాకే గాలి.
దాని పైన ఒక్కటే అంకె: యాభై.
కొంచెం అటూ ఇటూ ఊగొచ్చు,
మరీ ఎక్కువ ఊగకూడదు.

లష్కర్ బోనాల ఆదివారం, డెబ్బై ఆరో ముక్క.
మీ గడియారంలో పావు తక్కువ ఏడు.
అప్పటిదాకా తలుపులు కొట్టిన ఆషాఢం గాలి
ఉన్నట్టుండి కూర్చుంది.
పరిగిలో ఒక్కచోటే అయితే సర్దుకునేవాళ్ళం.
అనంతపురంలో కూర్చుంది, చిత్రదుర్గంలో కూర్చుంది,
ఊళ్ళన్నీ లైట్లు వేసుకునే వేళకి.
నలభై తొమ్మిది పాయింటు తొమ్మిది ఏడు.
తొమ్మిది ఒకటి.
ఎనిమిది ఆరు.

మసూద్ సార్ రిటైరయ్యే ముందు చెప్పేవాడు:
"తిరగలి చూసినవా బేటీ?
చెయ్యి తీసినంక గూడ రెండు చుట్లు తిరుగుతది.
ఆ రెండు చుట్ల సందుల్నే మనం ఇంకో చెయ్యి ఎతకాలె.
గాలిమరకు రెక్కలున్నయ్, బరువున్నది,
గని నడుమ ఎలక్ట్రానిక్ డబ్బా ఉన్నది.
ఆ బరువు తీగెదాక రాదు."

బొగ్గుకి చెబితే వినేసరికి అరగంట.
శ్రీశైలం ఎడమగట్టుకి ఫోన్ చేశాను.
కొండ కడుపులోంచి బాలస్వామి గొంతు:
"ఎన్ని మిషన్లు మేడం?"
"రెండు. ఇప్పుడే."
"ఇప్పుడేనంటే ఐదు నిమిషాలు."
ఆ ఐదు నిమిషాలూ నేను గుటక వెయ్యలేదు.

మలక్‌పేటలో లిఫ్టు మూడో అంతస్తు దాటింది.
నాంపల్లిలో ఎవరి రక్తమో యంత్రంలోకి పోయి, కడుక్కుని, తిరిగొచ్చింది.
తల మీద బోనంతో నడిచే ఆమె మీద
సీరియల్ బల్బులు రెప్ప కొట్టలేదు.
ఎవరికీ ఏమీ కాలేదు.
రిజిస్టర్లో రెండు లైన్లు రాశాను.

"గాలిని నమ్ముకుంటే ఇంతే" అన్నాడు పక్క సీటు విఠల్.
నేను జవాబు చెప్పలేదు.
పాల్వంచలో పెరిగినదాన్ని.
పొద్దున ఆరేసిన మా అమ్మ తెల్ల చీర
సాయంత్రానికి బూడిద రంగులో మడతపెట్టేవాళ్ళం.
మాట తప్పే గాలి మీద నాకు కోపముంది.
మాట తప్పని బొగ్గు మీద ఇంకా ఎక్కువుంది.

ఎనభై తొమ్మిదో ముక్కలో డ్యూటీ దిగి రోడ్డెక్కాను.
చున్నీ కదిలింది.
సెకనుకి నాలుగు మీటర్లు, అనుకున్నాను, అలవాటు.
ఫ్లైఓవర్ కింద మొక్కజొన్న బండి మీద
నిప్పులు ఒక్కసారిగా ఎర్రబడి రవ్వలు లేచాయి.
నాలుగు కాదు, ఆరుంటుంది.
కంకులమ్మే ముసలాయన విసరడం ఆపి
చేతివేళ్ళు విరుచుకుంటూ ఊరికే కూర్చున్నాడు,
గాలే కాలుస్తోంది కంకుల్ని.
విసనకర్ర మాత్రం అవతల పడెయ్యలేదు.
మోకాలి కింద నొక్కి పెట్టుకున్నాడు,
చేతికందేలా.