గుటక

పుట్టినప్పుడు రెండు కిలోల తొమ్మిది వందలు.
అయిదో రోజుకి రెండు వందల పది తగ్గింది.
మా ఆయన ఆ అంకెని
రొయ్యల సాంప్లింగ్ పుస్తకంలో రాశాడు,
మూడో చెరువు కౌంట్ కింద,
మేత బస్తాల లెక్క పైన.
వేరే పుస్తకం లేక కాదు.
తగ్గడం అనేదాన్ని అతను రాసే చోటు అదొక్కటే.

మర్నాడు చెరువుగట్టు మీంచి కాటా మోసుకొచ్చాడు.
ఎంత కడిగినా ఉప్పునీటి వాసన వదల్లేదు.
పాత చీర నాలుగు మడతలేసి పరిచి,
దాని బరువు సున్నా చేసి,
పాలకి ముందోసారి పిల్లని పడుకోబెట్టాడు.
పాలయ్యాక మళ్ళీ.
కాలు ఆడిస్తే అంకె ఎగిరేది,
ఏడిస్తే వణికేది.
ఆ ఎర్రంకెల్ని ఊపిరి బిగబట్టి చూస్తుంటే
నాలో పాలు కూడా బిగుసుకునేవి.

"చెక్ ట్రేలో మేత మిగిలిందంటే
రొయ్యకి బాలేదన్నమాట" అన్నాడు.
నేను ట్రేని కాదు అందామనుకున్నాను.
కుట్లు లాగుతున్నాయి. అనలేదు.

అత్త నూకాలమ్మ లెక్క వేరు.
ఒకరోజు తెలగపిండి మునగాకు,
ఇంకోరోజు ఓడలరేవు నించి తెప్పించిన పాలసొర పిట్టు,
మొదటి ముద్దలో ఎప్పుడూ వెల్లుల్లి కారం.
"గంటాలు మనవడు డబ్బాపాలకి
పూరీలా పొంగాడంట" అంటూ
ఖాళీ గ్లాసు పట్టుకెళ్ళేది.
గ్లాసు వెళ్ళేది గానీ మాట వెళ్ళేది కాదు.

పదో రోజు సువార్తమ్మ వచ్చింది,
కాలవగట్టున స్కూటీ ఆపి,
భుజాన కొక్కెం కాటా, గుడ్డసంచి.
మంచం పక్కన కాటా చూసింది.
"దీనిమీద ఏం తూస్తారండి?"
"రొయ్యలండి."
"అయితే రొయ్యల్నే తూయండి."

పిల్ల పొట్టని నా పొట్టకి తిప్పింది.
"మొన ఒక్కటీ కాదమ్మా, నలుపంతా నోట్లోకి పోవాల,
గెడ్డం గుచ్చుకోవాల."
ఒంట్లో నీరు దిగి మొదట్లో అందరూ తగ్గుతారంది,
రెండు వారాలకి పుట్టిన బరువుకొస్తే చాలంది,
ఆ తర్వాత వారానికోసారి, ఒకే కాటా మీద.
సంచిలో వేలాడదీసి ముల్లు చూసింది:
రెండు కిలోల ఎనిమిది వందలు.
"ఎక్కుతోంది."
పెరట్లోకెళ్ళి కొబ్బరితాడు మీది గుడ్డలు లెక్కపెట్టింది.
"ఇయ్యాల్టివేనా?"
"పొద్దుట్నించి ఏడండి."
"పసుపు మరకలు మూడు.
ఇయి రాసుకోమను మీ ఆయన్ని."

ఆ రాత్రి కరెంటు పోయింది.
పన్నెండు చెరువుల ఏరియేటర్లు
ఒక్కసారే ఆగిపోయాయి.
మా ఊళ్ళో మోత ఆగితేనే మెలకువొస్తుంది.
మా ఆయన లుంగీ ఎగ్గట్టి
జనరేటర్ దగ్గరికి పరిగెత్తాడు.
నీళ్ళలో గాలి తగ్గితే
అప్పు తీరాల్సిన పంట పైకి తేలుతుంది మరి.

చీకట్లో పిల్లా నేనూ.
కాపరానికొచ్చిన రెండేళ్ళలో
ఈ ఊరు ఊరుకోగా నేను వినలేదు.
ముందు దూరంగా మొగ దగ్గర సముద్రం,
తర్వాత దోమతెరకి కొట్టుకునే పురుగు.
తర్వాత, నా మోచేతి వంపులో,
గుటక.
కాస్త ఆగి, ఊపిరి. మళ్ళీ గుటక.
కాలవలో కొబ్బరి పిందె రాలినట్టు.
నలభై దాకా లెక్కపెట్టి మర్చిపోయాను.
ఇన్నాళ్ళూ ఇది జరుగుతూనే ఉందన్నమాట,
ఆ మోత అడుగున,
నేను కాటా కేసి చూస్తున్నప్పుడల్లా.

జనరేటర్ అందుకుంది. గుటక మునిగిపోయింది.
దాని గొంతు మీద వేలానించాను.
వేలికి వినిపించింది.

తెల్లారగట్ల బురదకాళ్ళతో వచ్చి
"ఏం పోలేదు, అన్నీ ఆడుతున్నాయి" అన్నాడు.
"ఇక్కడా అంతే" అన్నాను.

బుధవారం ముల్లు
తొమ్మిది వందలు దాటి పది గ్రాములు నిలబడింది.
సువార్తమ్మ కార్డు మీద చుక్క పెట్టింది.
మా ఆయన పుస్తకం తీశాడు గానీ పెన్ను దొరకలేదు.
వెతుకుతుంటే పడమట మబ్బు కమ్మింది.
పుస్తకం అక్కడే పడేసి
తాడు మీది గుడ్డలు తియ్యడానికి పెరట్లోకి వెళ్ళాడు.
"ఎనిమిదే" అని కేకేశాడు.